బొమ్మ వస్తలేదు మేడమ్

కంప్యూటర్‌లో టీవీ చూసే సాఫ్ట్‌వేర్ రాయడం పెద్ద పనేమీ కాదు. రాసినదానికి ఫోన్‌లో జవాబు చెప్పుకోవడమే అసలు పని. రాసేటప్పుడు నా ముందు ఉండేది యంత్రం. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. ఫోన్‌లో ఉండేది మనిషి. ఆ మనిషి చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: "బొమ్మ వస్తలేదు."

వైరు ఊడినా అదే మాట, కరెంటు పోయినా అదే మాట. ఒకాయన పొద్దంతా నన్ను తిట్టి, సాయంత్రం ఫోన్ చేసి "మానిటర్ బంద్ ఉండె మేడమ్" అని నవ్వాడు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు ఫోన్ గోడకు కొట్టకుండా ఆగానంటే అది కొత్తది కాబట్టే.

నేనూ నాతో చదువుకున్న ఒక స్నేహితురాలూ కలిసి దాన్ని తయారుచేశాం. డిష్ నుంచి వచ్చే వైరును ఒక చిన్న డబ్బాకు, ఆ డబ్బాను కంప్యూటర్‌కు తగిలిస్తే ఉచితంగా వచ్చే ఛానెళ్లన్నీ తెర మీద కనబడతాయి. టీవీ లేకుండా పాత కంప్యూటర్ మూలన పడి ఉన్న చోట పనికొస్తుందని మా ఆశ. మా ఇంట్లో మాత్రం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ తన పాత టీవీలోనే సీరియళ్లు చూసేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని స్నేహితురాలు వెక్కిరించేది. నిజం చెప్పాలంటే బయట పల్లకీ కూడా లేదు.

కరోనా వచ్చాక హైదరాబాద్‌లో కిరాయి గది ఖాళీ చేసి కల్వకుర్తికి వచ్చేశాను. గుంట భూమి కూడా లేక పత్తి చేన్లలో కూలి చేసిన మా అమ్మ, నాయినకు దవాఖానలో అటెండర్ ఉద్యోగం వచ్చాక కట్టించుకున్న రెండు గదుల ఇల్లు మాది. ముందు గదిలో, గుమ్మం పక్కనే నా బల్ల. బడులు మూసేసి పాఠాలు టీవీలో చెప్పడం మొదలుపెట్టిన రోజులవి. అమ్రాబాద్ అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న బడి టీచరమ్మ ఎవరినో అడిగి నా నంబర్ పట్టింది. వాళ్ల బడిలో కంప్యూటర్ ఉంది, టీవీ లేదు. ఊళ్లో నెట్ రాదు. ఫోన్ కూడా బడి వాకిట్లో నిలబడితేనే పలుకుతుంది, గదిలో అడుగుపెడితే తెగిపోతుంది. పాఠం రావాలంటే ఇక డిష్ ఒక్కటే దారి.

డిష్, డబ్బా బస్సులో పంపాం. బడి పైకప్పు రేకులది, దాని మీద కోతులు ఎగురుతాయి. అందుకని మెకానిక్ వాకిట్లోనే, బడికి ఒక పక్కగా ఇనుప గొట్టం పాతి, మనిషి ఎత్తున డిష్ బిగించి, మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప వేసి పోయాడు. మొదట్లో బొమ్మ అద్దంలా వచ్చింది. పిల్లలను దూరం దూరం కూర్చోబెట్టి పాఠాలు చూపిస్తున్నామని టీచరమ్మ ఫోన్ చేసి చెబితే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా వచ్చి చూసిపోతున్నారట.

తర్వాత ఒక వానకు బొమ్మ పోయింది. వాన వెలిశాక వచ్చింది. ఆ పైన వాన లేకుండానే పోవడం మొదలైంది. ఒకరోజు వచ్చేది, ఒకరోజు ముక్కలు ముక్కలయ్యేది. సాఫ్ట్‌వేర్ కొత్తది పెట్టించాను, డబ్బా మార్పించాను, వైరు చివర్లు కోసి మళ్లీ బిగించమన్నాను. తప్పు నా రాతలోనే ఉందేమోనని కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను. ఏమీ దొరకలేదు.

అలాంటప్పుడు, ఒక పొద్దున టీచరమ్మ ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఇయ్యాల సారు వస్తుండు. పిల్లలు పాఠాలు చూస్తున్నరా లేదా అని తనిఖీ. బొమ్మ మొత్తానికే వస్తలేదు."

ఆమె ఇలా తొందరపడి మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. నిదానంగా మాట్లాడే మనిషి.

ఆ బడిలో పిల్లలు తక్కువ. దాన్ని మూసి వాగు అవతలి బడిలో కలపాలని అప్పటికే అనుకుంటున్నారు. వచ్చే అధికారి పిల్లలు చదువుతున్నారని రాస్తే బడి నిలుస్తుంది, లేదంటే పోతుంది. అడవి దారిన, వాగు దాటించి ఆడపిల్లలను ఎవరూ పంపరు. వాళ్ల చదువు అక్కడితో సరి. పాఠం మొదలవడానికి గంట కూడా లేదు.

"కంప్యూటర్‌ను కిటికీ వైపు తిప్పండి టీచర్. మీరు వాకిట్లో నిలబడి తెర చూస్తూ నాతో మాట్లాడండి. కింద సిగ్నల్ అంకె ఎంత చూపిస్తోంది?"

"ఇరవై... ముప్పై... మల్ల ఇరవై. పెరుగుతాంది, తగ్గుతాంది."

"డిష్ కదిలిందేమో చూడండి."

"డిష్ మంచిగనే ఉంది మేడమ్."

"వైరు?"

"మంచిగనే ఉంది."

"అడ్డంగా చెట్టుకొమ్మ ఏమైనా?"

"చెట్లే లేవు మేడమ్ ఈ దిక్కు."

ఫొటో పంపమనడానికి అక్కడ నెట్ లేదు. నేను పోదామంటే శ్రీశైలం రోడ్డున దిండి దాటి, మన్ననూరు దాటి, ఇంకా లోపలికి పోవాలి. నాకు తలప్రాణం తోకకొచ్చింది. పక్కన చాపమీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్న అమ్మ, స్పీకర్‌లో అంతా వింటూ, "కోపానికి రాకు బిడ్డా, జర నిమ్మళంగ అడుగు" అంది. నిమ్మళం అనే సరుకు నా దగ్గర ఉంటే కదా.

అంకె మళ్లీ చదవమన్నాను. ఇరవై, ముప్పై, ఇరవై, ముప్పై. అప్పుడు తట్టింది. పాడైన డబ్బా అలా చెయ్యదు, తప్పు రాసిన సాఫ్ట్‌వేర్ అలా చెయ్యదు. ఏదో ఊగుతోంది.

"టీచర్, డిష్‌కు ఏమన్నా వేలాడుతోందా?"

"ఏం లేదు మేడమ్." ఒక క్షణం ఆగి, మామూలుగా అంది: "దిష్టి గుమ్మడికాయ తప్ప."

మాది చర్చికి పోయే కుటుంబం. మా గుమ్మానికి గుమ్మడికాయ కట్టరు కాబట్టి నాకు తట్టలేదు. వాళ్ల ఊళ్లో కొత్తగా కట్టిన ప్రతిదానికీ కడతారు కాబట్టి ఆమెకు చెప్పాలని తట్టలేదు. డిష్ ముందుకు ఒక ఇనుప చెయ్యి చాచుకొని ఉంటుంది. ఆ చెయ్యి చివర సిగ్నల్ పట్టే చిన్న పెట్టె. సరిగ్గా ఆ చేతికే కట్టారు.

కట్టింది బడిలో వంట చేసే అవ్వ అని టీచరమ్మ చెప్పింది. పొరుగూళ్ల వాళ్లు వచ్చి చూసిపోయాక వానకు బొమ్మ పోయింది కదా, అది దిష్టి అనుకుంది. చిన్న కాయ తెచ్చి కట్టింది. ఆ బరువుకు డిష్ కాస్త వంగి బొమ్మ చెడింది. దిష్టి గట్టిదే తగిలిందనుకొని, చిన్నది తీసి, తన గుడిసె మీద కాసిన వాటిలో పెద్ద కాయను కోసుకొచ్చి కట్టింది. నేను ఇక్కడ రాత్రింబవళ్లు సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంటే ఆమె అక్కడ గుమ్మడికాయ సైజు పెంచుతోంది. ఇద్దరమూ ఒకే జబ్బుకు మందు వేస్తున్నాం.

"విప్పి పారెయ్యండి!" అని అరిచాను.

అటు నుంచి ఇంకో గొంతు, ముసలి గొంతు, అంతకంటే గట్టిగా వచ్చింది.

"ఇప్పొద్దు! ఎవ్వరు ముట్టొద్దు! అమాస దాంక ముట్టొద్దు!"

టీచరమ్మ బతిమాలింది. అవ్వ వినలేదు. ముళ్లకంప పక్కకు జరిపి డిష్ దగ్గర నిలబడిందట. ఫోన్ ఆమెకు ఇమ్మన్నాను.

"అవ్వా, ఆ కాయ వల్లనే బొమ్మ పోతోంది. ఇప్పుడు సారు వస్తడు. బొమ్మ లేకపోతే బడి పోతది. నీకు సమజైతుందా?"

"నాకు ఎర్కే బిడ్డా. నా మనుమరాలు గీ బడిలనే ఐదు సదువుతాంది. గా కాయ నడుమంతరంగ ఇప్పితే పిల్లల మీదికి వస్తది. ఒకపారి నా కొడుకు ఇంటిముంగట కట్టింది ఇప్పి పారేసిండు. గదే నెల జరమొచ్చి దవాఖానకు పోయిండు, మల్ల రాలే. ఇప్పుడు ఉన్నది గా పిల్ల ఒక్కతే. నేను ఇప్ప."

నాకు ఒళ్లు మండిపోయింది. మూఢనమ్మకాలు, జ్వరాలు, క్రిములు, ఏవేవో నాలుక చివరికి వచ్చాయి. నేను నోరు తెరిచేలోపే అమ్మ చింతపండు చేతితోనే నా మోకాలు పట్టుకుంది.

"గా తలుపు మీద చూడు" అంది. మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి తెచ్చి దోపిన ఈతమట్ట అక్కడ ఎండి వేలాడుతోంది. "కంప్యూటర్‌కు అడ్డమైతుందంటే దాన్ని పీకి పొయ్యిల పెడ్తవా? నేను పెట్టనిస్తనా?"

పెట్టనివ్వదు. నేను కూడా పెట్టను.

"సరే అవ్వా, విప్పొద్దు. కాయ కింద ఏదన్నా ఊతం పెడదాం."

పంగల కట్టె తెచ్చి కాయ కింద నిలబెట్టారు. అంకె అరవైకి లేచింది. గాలి వచ్చింది, నున్నటి కాయ జారింది, కట్టె పడిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పడింది. అంతలో దూరంగా మోటార్ సైకిల్ చప్పుడు నాకు కూడా వినిపించింది. టీచరమ్మ "అయ్యో దేవుడా, సారొచ్చిండు" అంది.

"నువ్వు లోపలికి నడు టీచరమ్మా" అంది అవ్వ. "నేను పట్టుకుంట."

రెండు అరచేతుల మీద కాయను పైకి లేపింది. నిలబడితే ఆమె తల డిష్‌కు అడ్డమవుతోందని టీచరమ్మ చెబితే మోకాళ్ల మీద కూర్చుంది. కిటికీలోంచి అంకె చదివి టీచరమ్మ చివరిసారి అరిచింది: "డెబ్బై, మేడమ్! బొమ్మ వచ్చింది!" ఫోన్‌ను అవ్వ పక్కన ఒక రాయి మీద పెట్టి లోపలికి పరుగెత్తింది.

ఆ తర్వాత నాకు మిగిలింది వినడం ఒక్కటే. లోపలి నుంచి టీవీ పాఠం, భిన్నాల లెక్కలు. బయట అవ్వ ఊపిరి. అధికారి గదిలోకి పోయిన చెప్పుల చప్పుడు అయింది. డిష్ ఉన్నది బడికి పక్కవైపున. అటు ఆయన చూడలేదు.

"బిడ్డా, వస్తాందా?" అని అవ్వ గుసగుసగా అడిగింది.

"వస్తుంది అవ్వా. జర పైకి."

"గిట్లనా?"

టీవీ గొంతు తెగింది. ఆమె సర్దుకుంది, గొంతు మళ్లీ వచ్చింది. అలా ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు అతికిందో. ప్రతిసారీ నేను "పైకి", "కొంచెం ఇటు" అంటూనే ఉన్నాను. నేను రాసిన సాఫ్ట్‌వేర్ అంతా కలిసి ఇప్పుడు ఒక ముసలామె రెండు అరచేతుల మీద ఉంది. ఆమె ఊపిరి మూలుగులోకి మారింది. చేతులు లాగుతున్నాయా అని అడిగితే "నువ్వు బొమ్మ సంగతి చెప్పు" అని కసిరింది. అమ్మ చింతపండు వదిలేసి కళ్లు మూసుకొని పెదవులు కదుపుతోంది.

పాఠం అయిపోయింది. ఆ వెంటనే పై తరగతి పిల్లలకు ఇంకేదో పాఠం మొదలైంది. ఇక దించు అని చెబుదామనుకునేంతలో అధికారి గొంతు వినపడింది. అర రొట్టెలో సగం తింటే మొత్తం రొట్టెలో ఎంత తిన్నట్టు అని అడుగుతున్నాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడు ఒక సన్నని గొంతు, "పావు సార్" అంది.

"గది నా మనుమరాలే" అని అవ్వ నాకు చెప్పింది. ఆ మాట చెబుతుంటే ఆమె ఆయాసం కూడా ఆగిపోయింది.

"మంచిగ చెప్పినవ్" అన్నాడాయన. "వాగు అవతలి బడికి పంపితే పోతవా?"

పిల్ల ఏమందో వినపడలేదు. అవ్వ మాత్రం ఊరుకోలేదు. ఉన్నచోటి నుంచే, ఊరంతా వినేలా, "పంప సారూ! ఈడ్నే సదువుతది!" అని అరిచింది.

చెప్పులు బయటికి వచ్చాయి. నేను కళ్లు మూసుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను.

"ఏంది గిది?" అన్నాడు అధికారి.

"కాయ బరువుకు బొమ్మ పోతాంది సారూ. అమాస దాంక ఇప్పరాదు. అందుకే పట్టుకున్న."

"ఎప్పటిసంది పట్టుకున్నవ్?"

"నువ్వు వచ్చినకాడి నుంచి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తర్వాత పైవాళ్లకు ఏం రాశాడో నాకు తెలియదు గానీ, ఆ ఏడు ఆ బడి మూయలేదు. ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ క్షణాన మాత్రం నాకు వినిపించింది చెప్పులు విడిచిన చప్పుడు, పక్కన ఇంకెవరో మోకాళ్లు ఆనించిన చప్పుడు.

"నువ్వు లే అవ్వా. జరసేపు నేను పట్టుకుంట."

"కిందికి పోనియ్యకు సారూ. పిల్లల పాఠం పోతది."

"పోనియ్య."

లోపల టీవీ ఏదో చెబుతూనే ఉంది. పిల్లల పాఠం ఎప్పుడో అయిపోయిందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు మేమిద్దరం చెప్పలేదు.