ట్రాక్టరు ధరకు ఎర్ర కారు

ఇంట్లో కూర్చుంటేనే జీతం పడిన రోజులు కొన్ని వచ్చాయి, మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో మా కంపెనీ హైదరాబాదులో, నేను గోపాల్‌పేటలో మా ఇంటి మేడ మీద గదిలో. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ముందర లాప్‌టాప్. నెల తిరిగేసరికి జీతం వచ్చేది గాని, దాన్ని ఖర్చు పెట్టే దారి మాత్రం కనపడేది కాదు. సాయంత్రం పూట ఒక మనిషి ఎన్ని మిర్చి బజ్జీలని తినగలడు? చేతిలో నాలుగు పైసలు, ఒంట్లో పాతికేళ్ల వయసు, అడిగే మేనేజరేమో కంటికి కనపడనంత దూరంలో. ఈ మూడూ కలిస్తే ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. నాకు కారు పిచ్చి పట్టింది. నలుగురు కూర్చునే కారు కాదు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు ఆనుకుని పోయే స్పోర్ట్స్ కారు. కొత్తది కొనాలంటే మా పొలం మొత్తం అమ్మినా చాలదు కాబట్టి పాతదే గతి. పైగా ఇంట్లో నా పెళ్లి మాటలు మొదలయ్యాయి. పెళ్లయినవాణ్ణి రెండు సీట్ల కారు కొననిచ్చే ఇల్లు మా పాలమూరులో ఎక్కడా లేదు. కొంటే ఇప్పుడే కొనాలి, లేకపోతే ఈ జన్మకు లేదు అని తేల్చుకున్నాను.

అట్లాంటి కారొకటి గద్వాలలో అమ్మకానికి ఉందని ఫోన్లో చూశాను. ఎర్రది. ఫొటోలో దాని పక్కన పత్తి బస్తాలు, వెనకాల దండెం మీద ఆరేసిన చీర. కారుగలాయన విత్తనాల కోసం సీడు పత్తి పండించే రైతులకూ కంపెనీలకూ నడుమ ఉండి పని నడిపించే ఆర్గనైజరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. సీడన్న అంటాను, పేరెందుకు. ఒక మంచి పంట ఏడాది ఉషారులో హైదరాబాదు పోయి ఆ కారు తెచ్చుకున్నాడట. నేనొక్కణ్ణే పోయి చూసి వస్తానంటే మా అమ్మ ఒప్పుకోలేదు. నన్ను ఎవరైనా ముంచుతారని ఆమె భయం. మామను వెంటబెట్టుకుని పొమ్మంది.

మామంటే అమ్మకు తమ్ముడు. పెబ్బేరు సంతలో ఎడ్లు కొనడంలో ఆయనకు ఎదురు లేదు. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తుంటే అమ్మేవాడికి చెమటలు పట్టేవని అందరూ అంటారు (అందరిలోకీ ఎక్కువగా అనేది మామే). లోకంలో ప్రతివాడూ ఏదో ఒకటి దాస్తున్నాడని ఆయన గట్టి నమ్మకం. పాలవాడు ఒక రోజు చిక్కటి పాలు పోస్తే, ఈ రోజు నీళ్లెందుకు కలపలేదో కనుక్కునే రకం. కారు సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఎందుకమ్ముతుండు?" అని. నాకు తెలియదన్నాను. అది తెలిసేదాకా ధర ఊసెత్తొద్దన్నాడు.

రెండో మాట కాలం గురించి. అప్పుడు జ్యేష్ఠం వెళ్లిపోతోంది. ఆషాఢంలో బండి కొనేవాడు మా దిక్కు దొరకడు. షోరూముల వాళ్లు సైతం ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. మామ వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. "అమ్మేటోనికి అక్కర ఉంటది, కొనేటోడు ఉండడు. గప్పుడు పోవాలె. బేరం ఆషాఢంల తెంపాలె, బండి శ్రావణంల తోలుకరావాలె. దోషం లేదు, ధర పెరగదు." ఇంత చదువు చదివి నాకు ఈ ఉపాయం తట్టలేదే అని సిగ్గుపడ్డాను. అయితే ఒక షరతు పెట్టాడు. కారును మెచ్చుకోకూడదు, అందులో కూర్చోకూడదు, శ్రావణం వచ్చేదాకా నడపనే కూడదు. ఆశ కనపడితే ధర పెరుగుతుందట. పైగా ఆషాఢంలో స్టీరింగు పట్టుకుంటే కొన్నట్టే లెక్కట.

వనపర్తిలో బస్సు మారి, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా దిగి, ఇంకో బస్సెక్కి గద్వాల చేరాం. షెడ్డులో కారును చూడగానే నా గుండె ఆగినంత పనయింది. మామ షరతు గుర్తొచ్చి మొహం ముడుచుకుని, "గింతేనా" అన్నాను. మామ చెప్పు విడిచి టైరును కాలితో నొక్కాడు, చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కిందికి వంగి కారుకూ నేలకూ నడుమ చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా పట్టలేదు. మన బాటల మీద కడుపు రాసుకుని చస్తుందని తేల్చాడు. ఎందుకమ్ముతున్నావని సీడన్నను అడిగాడు. ఆయన దాచకుండా చెప్పాడు. వాళ్ల నాయినకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, ఒక కాలు సరిగ్గా కుదరలేదు, మాటిమాటికి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోవాలి. ఈ కారులోకి ఆయన దిగలేడు, దిగితే లేవలేడు. ఎత్తుగా ఉండే పెద్ద బండి కావాలి. ఇది పోతే గాని అది రాదు. సరిగ్గా అప్పుడే ఆ పెద్దాయన, ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద చేయాలని, అరుగు మీద కుర్చీలోంచి గోడ పట్టుకుని లేచి దండం పెట్టాడు. మామ నా చెవిలో, "లేచిండు చూసినవా?" అన్నాడు.

ఇక బేరం. మామ సంత పద్ధతిలో భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పి సీడన్న ముందు చాపాడు. సంతలో ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. సీడన్నకు ఆ సంగతి తెలియదు. ఆయన మామ చేతిని మొత్తం పట్టుకుని ప్రేమగా ఊపాడు. మామ చెయ్యి లాక్కుని, మనిషి లోతు తెలియకుండా ఉన్నాడని అనుమానం పెంచుకున్నాడు. చివరికి నోటితోనే మాట్లాడుకున్నారు. మామ లెక్కలన్నీ ట్రాక్టర్లలోనే. సీడన్న మొదట చెప్పిన ధర ఒక కొత్త ట్రాక్టరు, దాని ట్రాలీ, పైన ఒక ఎడ్ల జత ఖరీదుకు సమానం. చాయ్ తాగేలోపు ఎడ్లు పోయాయి. తరువాతి ఆదివారం మళ్లీ పోతే ట్రాలీ కూడా పోయింది. ఒట్టి ట్రాక్టరు ధరకు స్పోర్ట్స్ కారు. నేను గాలిలో తేలుతుంటే మామ దిగులుగా ఉన్నాడు. "గిట్ల దిగుతుండంటే దాంట్ల ఏదో ఉంది అల్లుడా. మంచి ఎద్దును ఎవడన్న దించుతడా?" అన్నాడు. ధర తగ్గకపోతే అన్యాయం, తగ్గితే మోసం. ఎంతకు ఇస్తే మామకు నమ్మకం కలుగుతుందో నాకిప్పటికీ తెలియదు.

అయినా ముందుగా కొంత సొమ్ము బయానా ఇచ్చాం. కారు మాత్రం శ్రావణం దాకా మీ దగ్గరే ఉండాలన్నాడు మామ. ఇక్కడే ఇంకో అనుమానం పుట్టింది. అది వాళ్ల వైపు. సీడన్న వాళ్లమ్మ రాయచూరు వైపు మనిషి. ఆషాఢం పట్టింపు ఆమెకూ తెలుసు గాని, అది వంక అనుకుంది. డబ్బులిచ్చి బండి వద్దనేవాళ్లను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదట. ఆ డబ్బు ఎక్కడిదో, వీళ్ల వెనక ఏ పోలీసులున్నారో అని, మేం షెడ్డులో ఉన్నంతసేపు చాటలో బియ్యం పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఒక్క రాయి కూడా ఏరడం నేను చూడలేదు. కొడుకుతో కన్నడంలో ఏదో అనేది. మమ్మల్ని ముంచే మాటే అని మామ నాకు సైగ చేసేవాడు. ఆమె అన్నది మాకు అన్నం పెట్టమని, తరువాత విస్తర్లు వస్తే గాని తెలియలేదు. మామ తిన్నాడు గాని, ఊరికే పెడతారా అన్నాడు.

మేం పోయాక టైర్లు మారుస్తారని మామకు భయం. ఒక ఆదివారం ఎవరూ చూడకుండా జేబులోని సున్నం డబ్బా తీసి నాలుగు టైర్లకూ తలా ఒక చుక్క పెట్టాడు. మరుసటి వారం మేం పోయేసరికి కారు కింద కోసిన నిమ్మకాయలు, కుంకుమ, ఎండు మిరపకాయలు. ఆషాఢంలో, అదీ అమావాస్య దగ్గరపడ్డ రోజుల్లో, కారు మీద తెల్ల చుక్కలు చూసి ఆ తల్లి మేం చేతబడి చేశామనుకుని విరుగుడు చేయించిందట. ఇది అప్పటికి మాకు తెలియదు కదా. నిమ్మకాయలు చూడగానే మామ మొహం వెలిగిపోయింది. ఈ కారు కింద ఎవరో పడ్డారు, అందుకే శాంతి చేస్తున్నారు అన్నాడు. ఇంత జరుగుతున్నా నేను నవ్వుకున్నానని చెప్పుకోవాలనుంది గాని, అబద్ధం. నాక్కూడా నిజమేనేమో అనిపించింది. అనుమానం గజ్జి లాంటిది, పక్కన కూర్చుంటే చాలు అంటుకుంటుంది. రాత్రిళ్లు ఆ కారు ఫొటోలు పెద్దవి చేసి గీతలు వెతికేవాణ్ణి.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం మంచి ముహూర్తం చూసుకుని, మిగతా డబ్బులు మామ బనీను జేబులో పెట్టుకుని, కొబ్బరికాయతో సహా గద్వాల పోయాం. షెడ్డు ముందర నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు. కారు చూసి ముచ్చటపడి ట్రాలీ, ఎడ్ల జతతో సహా మొదటి ధర పూర్తిగా ఇస్తానంటున్నాడు. సీడన్న మా దిక్కు చూసి కాంట్రాక్టరుతో, "లేదన్నా, వీళ్లకు మాటిచ్చిన. వీళ్లు ఒద్దంటేనే నీకు," అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామకు మాత్రం చెమటలు పట్టాయి. నా చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి గుంజుకుపోయాడు. "ఎక్కువ ఇస్తనంటే ఒద్దని, తక్కువిచ్చేటోనికి ఇస్తడా ఎవడన్న? ఆ కాంట్రాక్టరు పెద్దమనిషి, రేపు లోపం దొరికితే ఊకోడు. మనమైతే అడగనీకి రాము. గందుకే మనకు అంటగడుతుండు. బయానా వాపస్ తీస్కో," అన్నాడు. నేను అక్కడ నిలబడి ఆలోచించాను. నెల రోజులుగా పెంచుకున్న అనుమానానికి ఇంతకంటే మంచి రుజువు ఏముంటుంది? ఈ కాలంలో మాట మీద నిలబడేవాణ్ణి నమ్మడమా? పోయి బయానా అడిగాను. సీడన్న నన్నొకసారి చూశాడు, లోపలికి పోయి తెచ్చి ఇచ్చాడు. వాళ్లమ్మ గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని, మొట్టమొదటిసారి నవ్వుతూ మాకు చాయ్ ఇచ్చింది. కాంట్రాక్టరు కారుకు ధర ఖాయం చేసి అరుగు మీద కూర్చున్నాడు.

సీడన్న ఏమనుకున్నాడో, తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కొనకుంటే పాయె తమ్మీ. నెల దినాల సంది తిరుగుతున్నవ్. ఒక్కసారన్న నడుపు." ఇక ధర పెరిగే భయం లేదు, ఆషాఢమూ లేదు. మామ కూడా అడ్డు చెప్పలేదు. ఎక్కాను. కాదు, దిగాను, అంత కిందికి ఉంది సీటు. సీడన్న పక్కన కూర్చున్నాడు. ఎర్రవల్లి చౌరస్తా దాకా నెమ్మదిగా పోయి, పెద్ద రోడ్డెక్కాక కాలు నొక్కాను. అది పోయిన తీరు నేను రాయలేను. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి కింద కృష్ణ ఎర్రగా నిండుగా పోతోంది, అద్దం దించితే నీళ్ల వాసన, ఎవరిదో కేక వినపడి చూస్తే ఆ కేక నాదే. కారులో ఒక్క గిలక చప్పుడు లేదు, ఒక్క కుదుపు లేదు. తిరుగు దారిలో సీడన్న చెప్పాడు. "నాయిన దీంట్ల ఒక్కసారే కూసున్నడు. దిగేటప్పుడు ఇద్దరం గుంజినం. పైకి నవ్విండు గని, ఆ రాత్రంత మోకాళ్లు పట్టుకుని కూసున్నడు. ఇగ నాకు దీన్ని చూడబుద్ది కాలె." మళ్లీ, "నువ్వైతే మంచిగ చూస్కుంటవనిపించింది. నువ్వు 'గింతేనా' అన్నప్పుడే, నీకు దీని మీద పాణం ఉందని ఎరికైంది," అన్నాడు. నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

మేం తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు డబ్బులన్నీ కట్టేశాడు. ఇంక చేసేదేమీ లేదు. బస్టాండుకు నడుస్తుంటే మామ నా మొహం చూసి, ఆశగా, కొంచెం భయంగా, "ఎట్లుంది?" అని అడిగాడు. ఆయన అంత భయంగా నన్నేదీ అడగలేదు ఎప్పుడూ. నా కోసం నెల రోజులు ఎద్దుల పని మానుకుని బస్సుల్లో తిరిగిన మనిషి. నిజం చెబితే కారు రాదు, మామ కూడా పోతాడు.

"ఏదో చప్పుడొస్తుంది మామా," అన్నాను.

మామ ప్రాణం లేచి వచ్చింది. గోపాల్‌పేట చేరేదాకా ఆ చప్పుడు ఎక్కడిదో, ఎన్నాళ్లలో ఎంత ఖర్చు పెట్టిస్తుందో నాకు విడమరచి చెప్పాడు. ఆ మరుసటి ఏడు నా పెళ్లయింది. ఇప్పుడు మాకు ఏడుగురు కూర్చునే తెల్ల కారుంది. మామను వెంటబెట్టుకుని, శ్రావణంలో, అందరూ కొనే ధరకు కొన్నాం. దాన్ని గురించి చెప్పడానికి ఏమీ లేదు. మామ మాత్రం ప్రతి పెళ్లి విందులో ఆ ఎర్ర కారు కథ చెబుతాడు. ఏడాదికేడాది చప్పుడు పెద్దదవుతోంది. మొదట్లో ఊరికే టకటకమనేది, ఈ మధ్య వంతెన మీదనే ఇంజను జారిపడబోయేదాకా వచ్చింది. "అడుగున్రి, మా అల్లుడే నడిపిండు," అంటాడు. అందరూ నా వైపు చూస్తారు. అవునంటాను. ఇన్నేళ్లుగా అవునని అనీ అనీ, ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ వంతెన తలుచుకుంటే ఆ కారులో ఏదో చిన్న చప్పుడు నాక్కూడా వినపడుతోంది. వినపడితేనే కాస్త నిద్ర పడుతోంది.