స్లైడులో మిద్దె, వాకిట్లో మన్ను

ఈ రోజు హైదరాబాద్‌లో, తక్కువ కరెంటుతో చల్లగా ఉండే ఇళ్ల మీద జరుగుతున్న అంతర్జాతీయ సదస్సులో మాట్లాడాను. వనపర్తిలో నేను పుట్టి పెరిగిన మట్టి మిద్దె ఫొటోలు చూపించి, ఏటా వానలకు ముందు పైన చౌడుమట్టి పరిస్తే ఇల్లు కురవదనీ, ఎండాకాలం ఫ్యాను అక్కర్లేదనీ చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. నేను మాత్రం, ఆ ఇల్లు చూపించమని ఎవరూ అడగకూడదని మొక్కుకుంటున్నాను.

భయపడినంతా అయింది. జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ ఒకావిడ లేచి, "ఆదివారం మీ ఇల్లు చూడటానికి రావచ్చా?" అని అడిగింది. నా నోరు నా మాట వినలేదు. "తప్పకుండా రండి" అనేసింది.

మన్ను పరిచే మనుషులు దొరక్క ఆ మిద్దెను మూడు నెలల కిందే కూలగొట్టించాను. ఆ జాగాలో ఇవాళే స్లాబు పోస్తున్నారు.

బయటికి పరుగెత్తి మేస్త్రీ బాలయ్యకు ఫోన్ చేశాను.

"స్లాబు పోసుడు అయిపోవచ్చింది సారూ. పాత మిద్దె మన్ను వాకిట్ల కుప్ప వడి ఉంది. ట్రాక్టర్ల ఎత్తి పంపియ్యాల్నా?"

"వద్దు బాలయ్యా! ఆదివారం దాకా ముట్టకు. చూడనీకి మనుషులొస్తున్రు."

"మన్ను చూడనీకా సారూ?"

సదస్సులో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మీలో ఎవరి మట్టి మిద్దె అయినా ఇంకా నిలిచి ఉంటే వెంటనే రాయండి. కూల్చే ఆలోచన ఉంటే, దండం పెడతాను, సోమవారం దాకా ఆగండి.