చాపత్తి లేని చాయ్

హేబ్సిబమ్మ బీదరులో బైబిలు స్త్రీగా పనిచేసేది. ఇల్లిల్లూ తిరగడం, కూర్చోమన్న చోట కూర్చోవడం, వాక్యం చదివి వినిపించడం, జబ్బుగా ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేయడం ఆ పనిలో భాగం. చర్చి సంఘం కొందరు ఆడవాళ్లను అందుకే పెట్టుకునేది. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి పదేళ్లు దాటింది. సర్కారు కచేరీల్లోకి కన్నడం వచ్చింది, బజార్లో ఉర్దూ అలాగే ఉంది. ఆమె తిరిగే ఇళ్లలో మాత్రం తెలుగే.

ఆ పనిలో చేరేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ప్రతి ఇంట్లోనూ చాయ్ పెడతారు. వద్దంటే ఆ ఇంటిని తక్కువ చేసినట్టే. మంగల్‌పేటలో తన ఇంట్లో ఒకటి తాగి బయల్దేరిన మనిషి, పొద్దు వాలేసరికి ఎన్ని తాగిందో తనకే తెలిసేది కాదు. మొహమాటానికి తాగిందనుకుంటే పొరపాటు. ఆమెకు చాయ్ అంటే ప్రాణం. టీపొడి, ఆమె మాటలో చాపత్తి, పొంగి ఎర్రబడుతుంటే ఆ వాసనకే సగం అలసట తీరుతుందనేది.

నలభై దాటాక గుండెదడ మొదలైంది. నిద్ర దూరమైంది. దవాఖానలో డాక్టరమ్మ శ్రద్ధగా పరీక్ష చేసి, రోజంతా ఏం తింటావు, ఏం తాగుతావు అని అడిగింది. జవాబు విని నవ్వింది.

"నీ గుండె మంచిగనే ఉన్నది. చాయ్ బంద్ చెయ్యి, అదే నిమ్మళమైతది."

"జర తగ్గిస్తె సాలదా డాక్టరమ్మా?"

"తగ్గిస్తనని పోయినోళ్లెవరూ తగ్గియ్యలే. బంద్ చెయ్యి."

ఆమె భర్త బర్నబా చౌబారా బురుజు దగ్గర దర్జీ. భార్య దిగాలు మొహం చూడలేక ఉస్మాన్‌గంజ్ బజారు నుంచి ధనియాలు, శొంఠి, సోంపు, జీలకర్ర పొట్లాలు కట్టించుకొచ్చాడు. కొన్నాళ్లు ఆ ఇంటి పొయ్యి మీద ఏదో ఒకటి మరుగుతూనే ఉంది. శొంఠి ఘాటుకు గొంతు మండింది. తులసి ఎక్కువసేపు కాగి చేదెక్కింది. జీలకర్ర నీళ్లతో కడుపు తేలికైంది గానీ బాలింత పథ్యం గుర్తొచ్చింది. ఎండబెట్టిన తంగేడు పూలు వేస్తే నీళ్లకు బంగారు రంగు వచ్చింది. రుచి మాత్రం గడ్డివాము పక్కన కూర్చున్నట్టే ఉంది.

"ఎట్లున్నది?" అన్నాడు బర్నబా.

"మందు తాగినట్టున్నది."

"మందనుకోనే తాగు."

"మందైతె ముక్కు మూసుకోని తాగుత. నాకు గది ఒద్దయ్యా. ఒక్క గుక్క తాగితె ఇంకో గుక్క తాగబుద్ధి గావాలె."

ధనియాలను దోరగా వేయించి, చితగ్గొట్టి, బెల్లంతో కాచినప్పుడు ఆమె కోరిన రుచి కొంత దొరికింది. పొద్దుటికి అది ఖాయం చేసుకుంది. రాత్రి భోజనం అయ్యాక సోంపు నీళ్లు బాగానే ఉన్నాయి. సాయంకాలానికే ఏదీ కుదరలేదు. కాళ్లు పీకే వేళకు చాయే గుర్తొచ్చేది.

ఆ రోజుల్లోనే గుండమ్మ ఇంట్లో ఒక సంగతి జరిగింది.

గుండమ్మది మైలూరు దారిలో రైతు కుటుంబం. ఒకప్పుడు ఆమె కూతురికి జ్వరం ముదిరితే హేబ్సిబమ్మే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. అప్పటి నుంచి అటు పోయినప్పుడల్లా ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చునేది. గుండమ్మ అత్త తాయవ్వకు కిరస్తానీ మనిషి రాకపోకల మీద కోపం లేదు గానీ కట్టుబాట్లు ఉన్నాయి. హేబ్సిబమ్మ కోసం ఒక సత్తు గిన్నె పశువుల కొట్టం చూరులో దోపి ఉండేది. చాయ్‌ని అందులో పైనుంచి పోసేవారు. తాగాక హేబ్సిబమ్మే దాన్ని కడిగి మళ్లీ చూరులో పెట్టేది. ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. గిన్నె కడుగుతున్నంతసేపూ గుండమ్మ మాత్రం తల ఎత్తేది కాదు.

ఆ సాయంత్రం గుండమ్మ లోపలి నుంచి ఇత్తడి గిలాసలో చాయ్ తెచ్చింది. అది ఇంట్లో వాళ్లందరూ తాగే గిలాస. గడప దగ్గర జొన్నలు చెరుగుతున్న తాయవ్వ చేట ఆపి చూసింది. పొద్దుటి నుంచి అత్తాకోడళ్లకు దాని మీదే తగువైనట్టుంది, ఇద్దరి మొహాలూ బిగిసి ఉన్నాయి.

హేబ్సిబమ్మ చెయ్యి చాపబోయి ఆగింది.

"గుండమ్మా... నేను చాయ్ ఇడిసిపెట్టిన. డాక్టరమ్మ ఒద్దన్నది."

గుండమ్మ మొహం పాలిపోయింది. "మా అత్త గూడ గట్లనే అంటదక్కా. ఎవరింట్లనన్న తాగుడు ఇష్టం లేకుంటె పానం బాగలేదంటది."

"గట్ల గాదు..."

"ఇన్నేండ్లు ఆ గిన్నెల తాగినవ్. నేను మా గిలాసల తెస్తె ఒద్దాయె."

ఇంకో మాట వినకుండా ఆమె లోపలికి వెళ్లిపోయింది. తాయవ్వ మళ్లీ చేట ఎత్తింది.

ఇంటికి వచ్చాక హేబ్సిబమ్మ అన్నం ముందు ఊరికే కూర్చుంది. బర్నబా సంగతంతా విని, "ఒక్కటి తాగితె ఏమైతుండె?" అన్నాడు.

"అదే అనుకుంట వచ్చిన దారంత. నేను మనసు జేసుకునే లోపలనే ఆమె లోపలికి పాయె."

"మరి రేపు పోయి ఏమంటవ్?"

"తాగనీకి ఏమన్న ఇయ్యమని అడుగుత. ఇప్పటిదాక ఎవరింట్లనూ అడిగి తాగలే. వాళ్లింట్ల అడుగుత."

మరునాడు మిగతా ఇళ్లన్నీ పక్కనపెట్టి నేరుగా అక్కడికే పోయింది. గుండమ్మ బయటికి రాలేదు. హేబ్సిబమ్మ అరుగు మీద కూర్చుని గొంతు పెంచింది.

"గుండమ్మా, దూపైతుంది. చాపత్తి ఎయ్యకుంట ఏదన్న కాచియ్యి."

కొంతసేపటికి గుండమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమున్నది మా ఇంట్ల?"

"తులసో, సోంపో, ఏదుంటె అది. ఏం లేకుంటె ఉడుకు నీళ్లియ్యి. నిన్న తెచ్చిన గిలాసలనే పొయ్యి."

గుండమ్మ వెనక్కి తిరిగి లోపలికి చూసింది. లోపల తాయవ్వ లేచిన చప్పుడైంది.

"ఇంటికొచ్చిన మనిషికి ఉత్త నీళ్లిస్తరానే?" అని కోడల్ని కసురుకుంటూ ముసలామె పెరట్లోకి నడిచింది. స్నానాల బండ పక్కన గుబురుగా పెరిగిన నిమ్మగడ్డిలోంచి గుప్పెడు కోసుకొచ్చింది. "మా కమలనగర్ దిక్కు దీన్ని గవతి అంటరు. మా అమ్మ దినాం కాచేది."

ఆకుల్ని కడిగి, ముడివేసి, కోడలి చేత మరిగే నీళ్లలో వేయించింది. చిన్న అల్లం ముక్క దంచి వేయమంది. బెల్లం కరిగి గిన్నె దిగాకే పాలు పోయనిచ్చింది. "పొయ్యి మీద పోస్తె ఇరుగుతయ్," అంది, ఎవరికీ చెప్పనట్టుగా. వడపోసే పని కోడలికి వదిలేసి పోయి తన చేట దగ్గర కూర్చుంది. గుండమ్మ బోర్లించి ఉన్న మూడు ఇత్తడి గిలాసలు తీసి వరసగా పెట్టి పోసింది. తాయవ్వ చూసింది గానీ అడ్డు చెప్పలేదు.

హేబ్సిబమ్మ గిలాసను రెండు చేతులా పట్టుకుంది. ముందు నిమ్మకాయ లాంటి వాసన, తర్వాత అల్లం వేడి, చివర్లో నాలుక మీద బెల్లం. తొందరపడకుండా తాగింది. తాగి, గిలాస ముందుకు చాపింది.

"ఇంకింత ఉన్నదా?"

గుండమ్మ నవ్వబోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సాయంకాలానికి హేబ్సిబమ్మకు కుదిరింది అదే. తర్వాత ఇతర ఇళ్లలోనూ మొహమాటం వదిలి చెప్పడం నేర్చుకుంది. ఒక ఇంట్లో సోంపులో ఏలక్కాయ వేసి ఇచ్చేవారు, ఇంకో ఇంట్లో తులసి ఆకుల మీద వేడినీళ్లు పోసి మూతపెట్టి ఇచ్చేవారు. అలా చేస్తే చేదు దిగదని ఆమెకు అక్కడే తెలిసింది. నచ్చనిది నచ్చలేదనే చెప్పేది. దడ మెల్లగా తగ్గింది, నిద్ర తిరిగొచ్చింది. చూరులోని సత్తు గిన్నె గురించి ఎవరూ మాట్లాడలేదు. వానాకాలం ముందు కొట్టం కప్పు మార్చినప్పుడు అది కింద పడితే, గుండమ్మ కోళ్లకు నూకలు పోయడానికి పెట్టుకుంది.

తాయవ్వ మంగల్‌పేటలో హేబ్సిబమ్మ గడప తొక్కకుండానే కాలం చేసింది. బతికున్నన్నాళ్లూ, హేబ్సిబమ్మ రావడం ఆలస్యమైతే మాత్రం, "ఆమె ఇంక రాకపాయె," అని పొయ్యి మీద గిన్నె పెట్టనిచ్చేది కాదట.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడాది క్రిస్మసుకు గుండమ్మ కూతురితో కలిసి హేబ్సిబమ్మ ఇంటికి వచ్చింది. గరిజెలు తిన్నారు. తాగడానికి ఏం కాచమంటావని హేబ్సిబమ్మ తన డబ్బాలన్నీ ముందు పెట్టి, ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూపించింది.

గుండమ్మ అన్నీ చూసింది. "ఏమనుకోకక్కా," అంది. "నాకు పత్తి మస్తుగ ఏసి చాయ్ పెట్టు."

హేబ్సిబమ్మ పకపకా నవ్వింది. బర్నబా కోసం దాచిన పత్తి తీసి, పొంగు ఎర్రబడేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. గుండమ్మకు చాయ్, తనకు సోంపు నీళ్లు పోసుకుని వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చుంది.