కుడికాలు

డిపోలో ఆయన్ని అందరూ ‘నిదానం’ అనేవారు. పాతికేళ్లు బస్సు నడిపి ఒక్క గీత పడనివ్వలేదు. “నిదానం బస్సులో నిండుకుండ కూడా తొణకదు” అని కండక్టర్లు నవ్వేవారు.

రెండేళ్ల కిందట, జోరువానలో, మలుపు దగ్గర రోడ్డు దాటుతున్న ఒక ముసలావిడ ఆ బస్సు కింద పడింది. ఆస్పత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయింది. ఆవిడే చూసుకోకుండా అడ్డం వచ్చిందని విచారణలో తేల్చారు. ఆయన అవునన్నట్టు తలూపాడు. నిజానికి ఆ క్షణంలో ఆయన చూపు రోడ్డు మీద లేదు. సీటు కోసం కొట్టుకుంటున్న ఇద్దరు ప్రయాణికులను అద్దంలో చూస్తున్నాడు. కుడికాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

ఈ మాట భార్యకు కూడా చెప్పలేదు. అప్పట్నుంచి చర్చికి వెళ్లినా, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల సమయానికి, ఆ తప్పుతో వాటిని ముట్టలేక, ఏదో వంకతో లేచిపోయేవాడు.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం చివర, ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతిని తలచుకునే గురువారం వచ్చింది. పాస్టరుగారు కాళ్లు కడగడానికి పన్నెండుమందిని ముందు వరుసలో కూర్చోబెట్టారు. పెద్దమనిషి కదా అని నిదానాన్నీ పిలిచారు. వంతు రాగానే ఆయన ఎడమకాలు చాపాడు. కుడికాలి బూటు విప్పలేదు.

“రెండోది కూడా ఇవ్వండి,” అన్నారు పాస్టరుగారు మోకాళ్ల మీదే ఉండి.

“ఇది వద్దు అయ్యగారూ.”

ఆరాధన ముగిశాక వెనకగదిలో ఉన్నదంతా చెప్పేశాడు. పాస్టరుగారు చేతిలోని తడి తువ్వాలు మడిచి పక్కన పెట్టారు.

“మీకోసం ప్రార్థన చేస్తాను. కానీ ఈ మాట వినాల్సింది నేను కాదు గదా!”

మర్నాడు, మంచి శుక్రవారం ఆరాధన కాగానే, చనిపోయినావిడ కూతురింటికి వెళ్లాడు. ఆమె కుట్టుమిషను ఆపి, గుమ్మంలోనే నిలబడి విన్నది.

“మందులు తెమ్మని వానలో అమ్మని పంపింది నేనే. నేనే చంపుకున్నానని రెండేళ్లుగా నాకు ముద్ద మింగుడుపడలేదు. తెలిసీ నోరు విప్పలేదా మీరు?”

“భయమేసిందమ్మా. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.”

“అయితే అడక్కండి. ఇదే మాట మీ ఆఫీసులో రాసివ్వండి. అమ్మ చూసుకోకుండా వచ్చిందన్న మాట కాగితాల్లోంచి పోవాలి.”

తలుపు వేసుకుంది.

శనివారం కాగితం రాసిచ్చాడు. “అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకన్నా?” అన్నాడు డిపో గుమస్తా. సాయంత్రానికల్లా ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించారు. ఇంట్లో భార్య, ఉద్యోగం సంగతి ఎత్తలేదు. “రెండేళ్లు పక్కనే ఉన్నాను. నాతో ఒక్క మాటైనా అనలేకపోయారా?” అని మాత్రం ఏడ్చింది.

ఈస్టరు ఉదయం చర్చంతా లేచి పాడుతుంటే ఆయన కూర్చునే ఉండిపోయాడు. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు చెయ్యిపట్టుకుని చెప్పారు. నమ్మాలనే ఉంది ఆయనకు.

వచ్చే నెలలో మళ్లీ విచారణ. ఆ కూతురూ వస్తుందట. ఆమె ఎదుట అంతా మొదటినుంచి చెప్పాలి.