పొడపత్రి నమిలిన నాలుక

తిరుపతిలో మూలికలమ్మే ధనంజయ, వచ్చినవాళ్లచేత పొడపత్రి ఆకు నమిలించి, నాలుకమీద చిటికెడు చక్కెర వేస్తాడు. తీపి తెలియక వాళ్లు తెల్లబోతే, "ఇసక మాదిరుండాదా?" అని మీసం దువ్వుకుంటాడు. ఆ తీగను అతనే కొండవార చూపిస్తే, యూనివర్సిటీలో పరిశోధన చేసే రూపశ్రీ ల్యాబులో పరీక్షించి, అందులో యాంటీఆక్సిడెంట్లున్నాయనీ, పిండిని చక్కెరగా మార్చే ఎంజైమును అది అడ్డుకుంటుందనీ తేల్చి డాక్టరేటు తెచ్చుకుంది. పేపర్లో ఆమె ఫోటో చూసినప్పటినుంచీ అతనికి ఒకటే కడుపుమంట. "చూపించింది నేను, ఫోటో ఆ పాపదా!"

ఈరోజు ఆమె మైసూర్‌పాకు పెట్టెతో రావడం దూరంనుంచే చూసి, గబగబా రెండాకులు నమిలాడు.

రూపశ్రీ ఒక ముక్క అతని నోట్లో పెట్టి, "ఎట్లుండాది పెద్నాయనా?" అంది.

"శానా తియ్యగా ఉండాదిమ్మా," అన్నాడు, ఇసుక నములుతున్నట్టుగా.

పచ్చబడిన అతని నాలుకను చూసి, రూపశ్రీ పెట్టెకు మూతపెట్టి అతని ఒళ్లో ఉంచింది.

"మిగిలింది సాయంత్రం తిను పెద్నాయనా. అప్పటికి తీపి తెలుస్తాది."