రుద్రంగి దారిలో పొగమంచు

పొగమంచులో కారు ఎలా నడపాలని ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది. అడిగాక చెప్పక తప్పదు. పెద్ద లైట్లు వేయకు, వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. అద్దాలు దించి చెవులు పెట్టి విను, వెనక లైట్లు లేని ట్రాక్టర్లు మా దగ్గర బోలెడు. మస్కట్‌కో దుబాయికో పోయేవాళ్లను కోరుట్ల నుంచి విమానాశ్రయానికి తీసుకుపోవడం, వచ్చేవాళ్లను ఇంటికి చేర్చడం నా బతుకుతెరువు. ఒక్క ప్రమాదం చేయలేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునే నోరు ఒక్క పొద్దుటితో పడిపోయింది.

ఆ రోజు కారులో ఉన్నది మా ఊరివాడే, వరుసకు తమ్ముడు. మస్కట్‌లో భవనాలకు రాళ్లు పరిచే పని. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే, బీడీలు చుట్టి వాణ్ని పెంచింది అక్క. నాకూ వరుసకు అక్కే. ఆమెకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక చేసేదేం లేదని ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. అక్కను ప్రాణంతో చూడాలని వాడు యజమాని కాళ్లావేళ్లా పడి సెలవు తెచ్చుకున్నాడు.

సిద్దిపేట దగ్గర తెల్లవారింది. సిరిసిల్ల వచ్చేసరికి మంచు కమ్మేసింది. మార్గశిరంలో మా రోడ్లు సగం కల్లాలే. తారు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. మంచులో ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. రెండో గేరులోకి దిగాను.

"అన్నా, జెర తొందరగ పోనియ్యరాదే," అన్నాడు వాడు.

"కండ్లకు కనవడాలె గదరా. రాయెక్కితే ఇద్దరం గీన్నే ఉంటం."

వాడు అక్కకు తెచ్చిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని, దాని సంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాడు.

వేములవాడ చేరుతుండగా నా ఫోను మోగింది. అక్క భర్త.

"మంచు బాగున్నదట గదా. మెల్లగ రాండ్రి. పిల్లగానికి దారిల ఏమన్న తినిపియ్యి," అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది.

"సరే బావా," అని పెట్టేశాను. ఇంకొక్క మాట అడగలేదు.

మా వైపు ప్రయాణంలో ఉన్నవాడికి చావు కబురు చెప్పరు. బండి తోలేవాడికి మాత్రం ఇలాంటి ఫోను వస్తుంది. చావు ఇంట్లో దహనం అయ్యేదాకా పొయ్యి వెలగదు, వచ్చినవాడు పచ్చి మంచినీళ్లు ముట్టడు. అందుకే ఇల్లు చేరకముందే వాడి కడుపులో ఇంత పడేయమంటారు. అలాంటి ఫోన్లు నేను చాలా ఎత్తాను. ఇదీ అదేననుకున్నాను. అక్క పోయింది, ఇక తొందరెందుకు అనుకున్నాను.

హోటల్ ముందు కారు ఆపితే వాడు దిగనన్నాడు. "ఆకలైతలేదన్నా. ఇంటికి పోయినంక అక్క పక్కకు కూసోని తింట."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే వాడికి తెలిసిపోతుందని గదమాయించాను. "దిగుమంటే దిగు. మంచు జెర ఇడిశినంక పోదాం."

ఇడ్లీలు పెట్టించి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఒక ఛాయి తాగాక వద్దంటున్నా ఇంకోటి చెప్పాను. అక్కడే ముప్పావు గంట పోయింది. రుద్రంగి దాటాక మంచు విడిపోయి ఎండ వచ్చింది. అయినా నేను వేగం పెంచలేదు. ఇంటికి ఎంత ఆలస్యంగా చేరితే వాడికి అంత మేలనుకున్నాను.

ఇంటి ముందు జనం ఉన్నారు. చావు ఇంటి వాకిట్లో పెట్టే నిప్పు ఇంకా రాజుకోలేదు, ఎవరో అప్పుడే పిడకలు పట్టుకొస్తున్నారు. అది చూడగానే ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదని నాకు అర్థమైంది. వాడు నన్ను నెట్టుకుని లోపలికి ఉరికాడు.

"ఒళ్లు ఎచ్చగనే ఉన్నది! అక్కను లేపుండ్రి, ఎచ్చగనే ఉన్నది!" అని వాడు అరుస్తుంటే నేను చెవులు మూసుకున్నాను.

దహనమై వచ్చాక బావను పక్కకు పిలిచి అడిగాను. "ఏమన్న తినిపియ్యుమంటివి గదా బావా. అప్పటికే అయిపోయిందనుకున్న."

"లేదు. గప్పుడు మాట్లాడవట్టింది. ఆమెనే చెప్పుమన్నది. తమ్ముడు నిన్నటి సంది తిన్నడో లేదో, దారిల ఏమన్న తినిపియ్యుమను, మంచుల మెల్లగ రమ్మను అన్నది. వాని దగ్గర ఇక్కడి సిమ్ము లేకపాయె, అందుకే నీకు చేసిన. మీరు అచ్చేటందుకు అరగంట ముంగట పోయింది. పోయేదాక గడప దిక్కే చూసింది."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పెద్దకర్మ అయిన మూడోనాడు వాణ్ని మళ్లీ విమానాశ్రయంలో దించాను. లోపలికి పోయేముందు నా రెండు చేతులు పట్టుకున్నాడు. "గంత మంచుల భద్రంగ తెచ్చినవన్నా. ఇంకొకలైతే ఏమైతుండెనో."

ఇప్పటికీ సెలవు మీద వస్తే నా కారే ఎక్కుతాడు. వేములవాడ దాటగానే, ఆ రోజు మంచు లేకుంటే అక్క తనతో మాట్లాడేదని మంచును తిట్టిపోస్తాడు. నేను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొడతాను.