రెండుసార్లు నొక్కితే అంతా బాగున్నట్టు

మంచుకొండ మీది పట్టాళం పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం రెండూ పదికి. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. ఒంటి మీద మూడు జతల బట్టలు, వీపున ఇరవై కిలోల మూట, ముక్కులో గడ్డకట్టిన నెత్తురు. ఉన్నది ఒక గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్వు, ఆరుగురు మనుషులు. ఉండాల్సింది తొంభై రోజులు. రేడియో పని నాది.

గుడిసెలోకి తల పెట్టగానే తెలుగు వినబడింది.

"రాప్పా, రా. యా ఊరు మీది?"

"కడప పక్కన."

"నాది డోన్. సచ్చినా పో! కింద ఉన్నన్ని దినాలూ నా చెనక్కాయల పొడి జోలికి ఎవురూ రాల్యా. ఇంక దాచిపెట్టుకోవాల."

ఆయన మా పోస్టు వంటాయన, ఆ పొద్దునే పైకొచ్చాడు. దాచిపెట్టుకుంటానన్న పొడి డబ్బాను ఆ పూటే నా ముందు పెట్టాడు. ఆయన రొట్టెలు బూటు అడుగుల్లా ఉండేవి. అంత ఎత్తులో పిండి మాట వినదని సాకు చెప్పేవాడు. చలి మరీ ఎక్కువైతే, "డోన్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీది ఎండ ఒక బకెట్టు తెచ్చుకోని ఉంటే ఎంత బాగుండు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నవ్వితే ఆయాసం వచ్చేది.

గంటగంటకూ కింద బేస్ నుంచి రేడియోలో పిలుపు వచ్చేది, అంతా బాగుందా అని. బాగుంటే ఠీక్ అని చెప్పి, టైముతో సహా లాగ్‌బుక్కులో రాయాలి. గాలి పెద్దదైతే మాట వినబడదు. అప్పుడు చేతిలోని మీటను రెండుసార్లు నొక్కాలి. టిక్, టిక్. అంతా బాగున్నట్టు. ఒక్కసారే నొక్కితే బాగలేనట్టు. నేను మంచు తవ్వడానికి బయటికి పోతే ఆ మీట వంటాయన నొక్కేవాడు. అదొక సరదా ఆయనకు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా సరే, గాల్లో బొటనవేలు రెండుసార్లు ఆడించేవాడు.

ఇన్నేళ్ళైనా ఆ గుడిసె మీద నాకు బెంగ పోలేదు. అంత ఇరుకులో, అంత ఆప్యాయంగా మళ్ళీ ఎవరితోనూ బతకలేదు.

డెబ్బై తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడు. వంటాయన దగ్గు ఆగడం లేదు.

"కిందికి చెప్తా" అన్నాను.

"ఏం చెప్తావప్పా? దగ్గనా? ఇంక పదకొండు దినాలే ఉండేది. ఇప్పుడు దించినారంటే తొంభై దినాలూ మళ్లా మొదటికొస్తాది. కొంచెం ఆయాసం, అంతే. ఠీక్ అని రాయి."

రాశాను. మూడుకు ఠీక్. నాలుగుకు ఠీక్. అయిదుకు ఠీక్.

మరునాడు పొద్దున ఆరింటికి స్టవ్వు వెలగలేదు. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. మీట ఒక్కసారి నొక్కాను. తర్వాత గొంతు చించుకుని అరిచాను. కింద మబ్బు. హెలికాప్టర్ వచ్చేసరికి పదకొండూ నలభై. స్ట్రెచర్ మోస్తూ, "ఎట్లుందప్పా?" అని అడిగాను. ఆయనకు మాట రాలేదు. మందపాటి చేతితొడుగులో బొటనవేలు రెండుసార్లు కదిలింది.

కిందికి చేరేసరికి ఆయన లేడు.

మిగిలిన రోజులు ముగించుకుని ఊరికి వస్తూ డోన్‌లో దిగాను. ఖాళీ పొడి డబ్బా ఆయన భార్య చేతికిచ్చాను.

"ఆఖర్న ఏమన్న్యాడన్నా?"

"బాగుండానన్న్యాడమ్మా."

ఆమె డబ్బా మూత తీసి వాసన చూసుకుంది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. మంగంపేట ముగ్గురాయి గనిలో కూలీల జీపు తోలుతాను. నా నాడి నిమిషానికి నలభై. పట్టాళంలో ఒక డాక్టరు చేయి పట్టి చూసి, గట్టి గుండె అన్నాడు. ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ళు మీసం తిప్పాను. ఈ మధ్య మెట్లెక్కితే నీరసం, అప్పుడప్పుడు తల తేలికవడం. వయసు అనుకున్నాను. మా ఆవిడ అనుకోలేదు. కడపకు లాక్కుపోయింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టింది. ఒక రోజంతా తీయకూడదు, పనులన్నీ మామూలే. ఎప్పుడేమనిపిస్తే అది టైముతో సహా రాయమని ఒక కాగితం ఇచ్చింది. పట్టాళం మనిషికి లాగ్‌బుక్కు దొరికితే ఇంకేం కావాలి? గంటగంటకూ రాశాను.

మరునాడు ఆమె నా కాగితాన్ని గ్రాఫు పక్కన పెట్టింది.

"పదకొండూ ఇరవైకి మీ గుండె నాలుగు సెకన్లు ఆగింది. మీరు ఠీక్ అని రాసినారు."

నేను గోడ గడియారం చూశాను.

"ఆగిందని మిషన్ చెప్తాది సార్. మీకేమైందో మీరే చెప్పాల. ఏమీ తెలీలేదంటే ఇప్పటికిప్పుడు పేస్‌మేకర్ అక్కర్లేదు, కనిపెట్టుకోని ఉందాం. కళ్ళు తిరిగింటే మాత్రం పెట్టించుకోవాల. అంతవరకూ బండి ముట్టుకోవద్దు. బయట కూర్చోని బాగా గుర్తుచేసుకోని రాండి."

గుర్తుచేసుకోవడానికేముంది? పదకొండూ ఇరవైకి గనిలోకి దిగే వాలు మీద ఉన్నాను. కళ్ళకు చీకట్లు కమ్మాయి. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. వెనక నుంచి ఎవరో, "ఏమప్పా, రాయి అడ్డమొచ్చెనా?" అన్నారు. అవునన్నాను. జేబులోంచి కాగితం తీసి ఠీక్ అని రాశాను. బండి తోలొద్దంటే నేనేం కావాలి? ఛాతీలో పెట్టె పెట్టుకుంటే ఇంక నాకేం మిగులుతుంది? అదీ నా భయం. చిన్నదేం కాదు.

బెంచీ మీద మా ఆవిడకు అంతా చెప్పాను.

"జీపులో ఎంతమంది ఉండిరి?"

"పదకొండు మంది."

"వాళ్ళకు గూడా ఠీక్ అని నువ్వే రాస్తివా?"

ఆమె నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది.

లోపలికి పోయాను. డాక్టరమ్మ తల ఎత్తింది.

"చెప్పండి సార్. ఎట్లుండాది?"

మోకాలి మీద నా బొటనవేలు లేచింది. ఎదురుగా ఆ చేతితొడుగు కనబడింది. మంచు పట్టి తెల్లబడిన తొడుగు, లోపల కదులుతున్న వేలు. అది కనబడని రోజు నాకు లేదు.

ఒక్కసారి నొక్కాను. ఆపాను.

"బాగల్యామ్మా" అన్నాను. "కళ్ళు తిరిగినాయి. పెట్టండి."